హ్యాండ్‌బ్రేక్ మీట గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హ్యాండ్‌బ్రేక్ మీట గారికి, కోనసీమ నుంచి కారు పందేల వీడియో గేము ఆడే ఒక ఆటగాడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. తమరు తెర మీద కుడివైపు అడుగున ఎప్పుడూ కుశలంగానే వెలుగుతూ ఉంటారు గాని, నా బండి వెనక బంపరు మాత్రం ఏ కొండ మలుపులోనూ కుశలంగా బయటపడిన పాపాన పోలేదు కనుక, ఆ మాటను సగానికే పరిమితం చేస్తున్నాను.

ముందుగా తమ పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి గుర్తుచేయవలసి వస్తోంది. తమరు బండిని కదలకుండా నిలబెట్టడానికి పుట్టినవారు. మా వైపు ఆ పనికి కూడా తమ అవసరం అంతంతమాత్రమే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మా కాలవల్లో నీరు పల్లాన్ని బట్టే పారుతోంది గాని, ఆ పల్లం నీటికి తెలుస్తుందే తప్ప కారు చక్రానికి తెలియదు. వంతెన ఎక్కేచోట వాహనాలు ఆగిపోయినప్పుడో, సఖినేటిపల్లి రేవులో కారును పంటు మీదికి ఎక్కించి నరసాపురం వైపు గోదావరి పాయ వశిష్ఠను దాటుతున్నప్పుడో మిమ్మల్ని పైకి లాగుతాము. అప్పుడైనా ఒట్టి మీ మీద భరోసా పెట్టుకోక, గేరులో కూడా వేసి ఉంచుతాము. ఇంతటి నిదానస్థులైన మీరు వీడియో గేములోకి అడుగుపెట్టేసరికి జారుడు విద్యకంతటికీ అధిపతులై కూర్చోవడం ఎలా జరిగిందో విచారించవలసిందని ఈ లేఖ ఉద్దేశం.

డ్రిఫ్టు, అంటే మలుపులో బండిని అడ్డంగా జారుస్తూ తోలడం, ఎలా చేయాలి అని ఎవరిని అడిగినా మీ పేరే చెబుతారు. అమలాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడిని అడిగితే, "ఏముందండీ, మలుపు రాగానే హ్యాండ్‌బ్రేకు లాగేయడమేనండీ, ఆయ్" అన్నాడు. ఆటలోని పాఠం కూడా అదే: స్టీరింగ్ తిప్పు, మీట నొక్కు, పాయింట్లు పట్టుకుపో. నొక్కిన తరువాత ఏం చేయాలన్నది మాత్రం ఆ కుర్రాడూ చెప్పలేదు, పాఠమూ చెప్పలేదు.

ఆ తరువాత ఏం జరుగుతుందో తమకు తెలియకపోవచ్చు, అప్పటికే తమరు తప్పుకుని ఉంటారు కనుక నేనే మనవి చేసుకుంటాను. ఆటలో జపాన్ కొండదారిని పోలిన రోడ్డు, రాత్రివేళ, కుడివైపు హెయిర్‌పిన్ మలుపు. బొటనవేలు మీ మీద పడుతుంది. మీరు వెనక చక్రాలు రెండింటినీ బిగించేస్తారు. తిరగడం మానేసిన టైరుకు పక్కకు జారకుండా నిలిచే పట్టు ఉండదు గనుక, వెనక భాగం దర్జాగా బయటికి ఊగుతుంది. పొగ లేస్తుంది, తెర మీద అంకెలు పరుగెత్తుతాయి, నా మనసు కూడా వాటి వెంటే పరుగెత్తుతుంది. అంతలో వేలు లేస్తుంది. వెనక టైర్లకు ఒక్కసారిగా పట్టు తిరిగొస్తుంది, ఆ ఊపును కాచుకోబోయి నేను తిప్పిన ముందు చక్రాలు మాత్రం ఇంకా మలుపుకు ఎదురు దిక్కుకు తిరిగే ఉంటాయి. బండి ఆ ఎదురు దిక్కుకే ఎగిరినట్టు దూకి రోడ్డు పక్క ఇనుప కమ్మీని ముద్దాడుతుంది. కమ్మీ తగలగానే అప్పటిదాకా కూడిన పాయింట్లన్నీ రద్దు. రద్దు చేసేటప్పుడు ఆ ఆట కారణం కూడా రాయదు.

మా వైపు వంతెనలకు శంకుస్థాపన చేసే పెద్దమనిషి ఒకరు ఉంటారు. ఆయన వస్తారు, కొబ్బరికాయ కొడతారు, శిలాఫలకం మీద పరదా లాగుతారు, ఫొటో దిగుతారు, దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోతారు. గోదావరి వరదలో నిలబడి స్తంభాలు లేపేవాళ్ళు వేరే ఉంటారు, ఫలకం మీద పేరు మాత్రం ఆయనదే ఉంటుంది. డ్రిఫ్టులో తమ పాత్ర అచ్చంగా అంతేనని సవినయంగా మనవి. జారుడు మొదలుపెట్టడం మీ వంతు, అది నిలబడేలా చూడడం మరెవరి వంతో.

ఆ మరొకరు ఎవరన్నది మా మేనల్లుడు చెప్పాడు. సెలవులకు ఇంటికొచ్చినవాడు నా ఆటను కాసేపు చూసి, "మావయ్యా, మీరు బండి తోలట్లేదు, మీట నొక్కుతున్నారంతే" అన్నాడు. వాడు ఫోను పక్కన పెట్టించి, తన కంప్యూటరుకు గేమ్‌ప్యాడ్ తగిలించి, ఆటలో ట్రాక్షన్ కంట్రోల్, బండి అడ్డం తిరగకుండా సర్దే స్టెబిలిటీ కంట్రోల్, ఆటోమేటిక్ గేరు మూడింటినీ ఆపేశాడు. వెనక చక్రాలు అదనంగా తిరగబోయినప్పుడల్లా ఇంజను గొంతు నొక్కడమే ట్రాక్షన్ కంట్రోల్ ఉద్యోగం కనుక, అది బతికుండగా డ్రిఫ్టు నేర్చుకోవాలనుకోవడం వృథా ప్రయాస. అంతా అయ్యాక వాడు లోపలికి వెళ్ళి మా అక్క అద్దం అంచున అంటించుకున్న బొట్టుబిళ్ళల్లో ఒకటి పెరుక్కొచ్చి, గేమ్‌ప్యాడ్ మీద మీరు కొలువుదీరిన మీటకు అంటించాడు. వేలికి ఆ గరుకు తగిలితే వెనక్కి తీయాలన్నది షరతు. తమకు జరిగిన ఈ సత్కారం ఇంతవరకు తమ చెవిన పడిందో లేదో నాకు తెలియదు.

ఆ రోజు కొండదారి ఊసే లేదు. గోడలూ కమ్మీలూ లేని ఖాళీ మైదానంలో, వెనక చక్రాలకు ఇంజను బలం అందే బండిని రెండో గేరులో పెట్టి, గుండ్రంగా తిప్పమన్నాడు. స్టీరింగ్ కొద్దిగా తిప్పి యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా నొక్కితే వెనక చక్రాలు పట్టు వదిలి బండి అడ్డం తిరుగుతుంది, ఇందులో మీ ప్రమేయం ఇసుమంతైనా లేదు. అసలు సంగతి అక్కడి నుంచే మొదలు. స్టీరింగును బండి జారుతున్న వైపుకే, అంటే మలుపుకు ఎదురుగా తిప్పి ఉంచి, యాక్సిలరేటర్‌ను సగం దగ్గర పట్టుకోవాలి. కాస్త ఎక్కువైతే బండి ముక్కు లోపలికి తిరిగిపోయి గిర్రున చుట్టేస్తుంది. కాస్త తక్కువైతే వెనక టైర్లు నేలను పట్టుకుని, బండి వలయం వదిలి తిన్నగా పోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న జాగా చూపుడువేలి కింద బియ్యపు గింజంత కూడా ఉండదు. ఆ జాగాను కంటితో వెతికి లాభం లేదు, ఇంజను చప్పుడు ఒకే స్థాయిలో సాగుతోందా లేదా అన్నది చెవితో కనిపెట్టాలి. మా అక్క వంటింట్లోంచి "ఆ గోల ఆపుతారా" అని కేకేసిన క్షణానికి చప్పుడు నిలకడగానే ఉందని, అంటే డ్రిఫ్టు కుదిరిందని, మేనల్లుడు తీర్మానించాడు.

గుండ్రం కుదిరాక ఎనిమిది అంకె గీయించాడు. ఒక వలయంలోంచి రెండో వలయంలోకి మారేచోట యాక్సిలరేటర్ వదిలితే, ఒక పక్క ఒరిగిన బండి బరువంతా రెండో పక్కకు ఊగుతుంది. ఆ ఊపు వస్తుండగానే స్టీరింగును నడుమ మీదుగా అటువైపుకు పంపి, మళ్ళీ యాక్సిలరేటర్ అందించాలి. స్టీరింగు ఆలస్యమైతే ఇందాక కమ్మీకి తగిలించిన ఎగురుడే మళ్ళీ ఎదురవుతుంది. ర్యాలీ డ్రైవర్లు మలుపుకు ముందు బండిని ఎదురు దిక్కుకు ఒకసారి ఊపి, ఆ ఊపుతోనే లోపలికి విసురుకునే విద్యకు మూలం కూడా ఈ బరువు మారడమే. చివరకు కాలి బ్రేకు వంతు వచ్చింది. వేగంగా వస్తూ మలుపు మొదట్లో బ్రేకు తొక్కితే బరువు ముందు టైర్ల మీదికి వాలి, వెనక భాగం తేలికవుతుంది. ఆ క్షణంలో స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు వాటంతట అవే జారతాయి. ఇన్ని దారులుండగా, ఫలకం మీద తమ పేరొక్కటే చెక్కి ఉండడం ఎవరి పుణ్యమో నాకు అర్థం కావడం లేదు.

చరిత్ర మీ పక్షాన ఉందని తమరు వాదించవచ్చు. అదీ చూశాను. 1961లో పశ్చిమ జర్మనీ మోటారుసైకిల్ గ్రాండ్ ప్రీ గెలిచి, ఆ స్థాయి పందెం నెగ్గిన తొలి జపాన్ రైడరుగా పేరు తెచ్చుకున్న కునిమిత్సు తకహాషి, తరువాత కార్ల పందాలకు మారి, 1970లలో మలుపులోకి వేగం చావకుండా బండిని జారుస్తూ వెళ్ళే పద్ధతికి ఆద్యుడయ్యారు. ఆయనను చూసి కొండదారుల్లో ఆ విద్యకు మెరుగుపెట్టి, డ్రిఫ్ట్ కింగ్ అని పిలిపించుకున్నవారు కెయీచీ త్సుచియా. ఆయన పేరుతో ముడిపడిన టయోటా ఏఈ86, 1983లో వచ్చిన 1.6 లీటర్ల ఇంజను బండి. అంత చిన్న ఇంజనుతో ఒట్టి బలం పెట్టి జార్చడం కష్టం గనుక, బ్రేకుతోనూ బరువుతోనూ జార్చడం తప్పనిసరి. ఇక ఆటల సంగతికి వస్తే, నామ్‌కో సంస్థ 1993లో తెచ్చిన రిడ్జ్ రేసర్ ఆర్కేడ్ యంత్రానికి స్టీరింగ్, గేరు, పెడళ్ళు ఉన్నాయి గాని తమరు లేరు. యాక్సిలరేటర్ వదిలి, తిప్పి, మళ్ళీ నొక్కితే అందులో బండి జారేది. జనం తమరు లేని లోటు తెలియకుండానే నాణేలు వేసి ఆడుకున్నారు. అమెరికాలో 2004 నుంచి జరుగుతున్న ఫార్ములా డ్రిఫ్ట్ పోటీల్లో న్యాయనిర్ణేతలు చూసేది బండి పట్టిన దారి, తిరిగిన కోణం, నడిపిన తీరు. మీటను ఎంత గట్టిగా లాగారన్న దానికి విడిగా మార్కులు వేయరు.

తమ వల్ల కలుగుతున్న మరొక అనర్థాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. ఆటలో మీ మహిమ చూసిన కుర్రాళ్ళు దానిని గట్టు రోడ్డు మీద పరీక్షించాలని ఉబలాటపడతారు. మా దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగానికి ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. అలాంటి బండిలో వెనక చక్రాలను తిప్పి ఉంచే దిక్కు లేదు గనుక, మీరు మొదలుపెట్టిన జారుడును కొనసాగించే మార్గమూ ఉండదు. పైగా మా గట్టు రోడ్డుకు ఒక పక్క కాలవ, రెండో పక్క పంట బోదె, సార్వా కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. ఆటలో కమ్మీ తగిలితే పాయింట్లు పోతాయి. ఇక్కడ వెనక చక్రం జారితే క్రేను వస్తుంది, దాని వెనకే ఊరంతా వస్తుంది, ధాన్యం తాలూకు రైతు అందరికంటే ముందే వస్తాడు. ఘాట్ రోడ్డు చూడాలన్నా మారేడుమిల్లి దాకా పోవలసిన మా వాళ్ళకు జారుడు విద్య కంప్యూటరులో ఉండడమే క్షేమమని నా గట్టి అభిప్రాయం, ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు.

అలాగని మిమ్మల్ని పూర్తిగా వెలివేయడం న్యాయం కాదు. పోటీ కార్లలో మీకోసం ద్రవ ఒత్తిడితో పనిచేసే నిటారైన హైడ్రాలిక్ లివరు అమర్చి, గేరు పక్కనే ఆసనం వేస్తారని ఎరుగుదును. మలుపు చాలా బిగుతుగా ఉన్నప్పుడు, అప్పటికే జారుతున్న బండి కోణాన్ని మరికాస్త పెంచవలసి వచ్చినప్పుడు, ముందు కారును ఒరుసుకుంటూ జంటగా జారే పోటీలో వేగం ఒక్క పిసరు తగ్గించవలసినప్పుడు మీకు సాటి లేరు. హెయిర్‌పిన్ దగ్గర నేనూ మిమ్మల్ని పిలుస్తాను, అయితే తాకీ తాకనంతసేపే. అప్పటికి వెనక చక్రాలను మళ్ళీ తిప్పడానికి యాక్సిలరేటర్, బండిని అదుపులో ఉంచుకోవడానికి ఎదురు స్టీరింగ్ సిద్ధంగా ఉంటాయి గనుక, మీరు వెళ్ళిపోయినా పని ఆగదు.

కావున తమరు ఇకమీదట ఆటలో మొదటి పాఠంలో కనిపించకుండా ఉండవలసిందనీ, ఆ స్థానాన్ని ఖాళీ మైదానానికి, అందులోని గుండ్రానికి అప్పగించవలసిందనీ, కనీసం తెర మీద మీ బొమ్మ పరిమాణాన్ని యాక్సిలరేటర్ బొమ్మ కంటే చిన్నది చేసుకోవలసిందనీ ప్రార్థన. బొట్టుబిళ్ళ విషయంలో మా అక్క విడిగా సంజాయిషీ కోరుతోంది. ఆ బాధ్యత మేనల్లుడిది గనుక దానికి తమరు బదులు చెప్పనక్కరలేదు.

ఇట్లు,
వెనక బంపరు లేని బండి తాలూకు ఆటగాడు

ప్రతులు: యాక్సిలరేటర్ గారికి, అభినందనలతో. కాలి బ్రేకు గారికి, ఇన్నాళ్ళూ గుర్తించనందుకు విచారంతో. ట్రాక్షన్ కంట్రోల్ వారికి, తొలగింపు ఉత్తర్వు ధ్రువీకరణ నిమిత్తం. ఆటోమేటిక్ గేరు వారికి, జారుడు మధ్యలో అడక్కుండా మూడో గేరు వేసినందుకు కారణం చూపవలసిందిగా, తగు చర్య నిమిత్తం.