పిల్లల బారి నుంచి పిల్లల పుస్తకాలను కాపాడుకోవడం ఎలా?

తెలుగులో చరిత్ర, విజ్ఞానం, సాహసం గురించి పిల్లల కోసం వెలువడుతున్న పుస్తకాలను పిల్లలు ముట్టుకోవడం లేదని కొందరు మేధావులు తరచూ వాపోతుంటారు. అది వైఫల్యం కాదనీ, ప్రచురణకర్తలు, రచయితలు, తల్లిదండ్రులు ఏళ్ల తరబడి కలిసికట్టుగా శ్రమించి సాధించిన ఘనవిజయమనీ మనవి చేసుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఆ పుస్తకాలు నిజంగానే పిల్లల చేతిలో పడి, వాళ్లు నిజంగానే చదివితే ఏమవుతుందో ఆలోచించే ఓపిక ఈ మేధావులకు ఉన్నట్టు లేదు. చరిత్ర చదివినవాడు అలా ఎందుకు జరిగిందని అడుగుతాడు. విజ్ఞానం చదివినవాడు ఆ సంగతి మీకెలా తెలిసిందని అడుగుతాడు. సాహసగాథ చదివినవాడు ఏమీ అడగడు, నేరుగా వెళ్లి ప్రహరీగోడ ఎక్కుతాడు.

ఈ ప్రమాదాన్ని మనవాళ్లు అమ్మకం దగ్గరే అరికట్టిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఒక దుకాణం ముందు అరగంట నిలబడి స్వయంగా గమనించాను. ఎనిమిదేళ్ల కుర్రవాడొకడు డైనోసార్ల పుస్తకంలో ఒక పేజీ దగ్గర వేలు పెట్టి, ఆ జంతువు కోరలను లెక్కపెడుతున్నాడు. తల్లి వచ్చి పుస్తకాన్ని అందుకుని, మొదట వెనక అట్ట మీద ధర చూసి, తరువాత దుకాణదారుణ్ణి, "ఇందులో బిట్లు ఉన్నాయా అండీ?" అని అడిగింది. "చివర వంద బిట్లున్నాయమ్మా, జవాబులతో సహా" అన్నాడాయన. "అయితే ఇవ్వండి" అందావిడ. కుర్రవాడి వేలు ఇంకా ఆ పేజీలోనే ఉండటంతో దాన్ని బయటికి తీయించి పుస్తకాన్ని సంచిలో వేయవలసి వచ్చింది. కోరల లెక్క పదకొండు దగ్గర ఆగిపోయింది.

ఇక పుస్తకం లోపల తీసుకునే జాగ్రత్తల సంగతికి వస్తే, మహాపురుషుల జీవితచరిత్రలన్నీ "బాల్యము నుండియే" అనే మాటతో మొదలవుతాయి. బాల్యము నుండియే ఆయన చదువునందు మిక్కిలి ఆసక్తి కనబరచెను. బాల్యము నుండియే పెద్దలయెడ వినయము కలిగియుండెను. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో, ఎవరి ఇంట్లోనూ ఉండని పిల్లవాణ్ణి వర్ణిస్తే, చదివే పిల్లవాడికి ఆ మహాపురుషుడు తనలాంటివాడేనన్న దురభిప్రాయం కలిగే అవకాశమే ఉండదు. న్యూటన్ దగ్గరికి వచ్చేసరికి ఆపిల్ పండు తప్పనిసరిగా నెత్తిమీదే పడాలి. పండు నేల మీద పడటం చూసి ఆలోచనలో పడ్డానని ముసలితనంలో ఆయనే మిత్రులకు చెప్పుకున్నా, ఆలోచనను బొమ్మగా వేయడం కష్టం, బొప్పిని వేయడం సులభం కాబట్టి మన చిత్రకారులు బొప్పి వైపే మొగ్గు చూపారు.

ఒకప్పుడు ఈ క్రమశిక్షణ లేదు. 1947 జూలైలో మద్రాసు నుంచి బయలుదేరిన చందమామ పిల్లలకు ఎంత చేటు చేసిందో ఇప్పటికీ సరిగా అంచనా వేయలేదు. అందులో బేతాళుడు ప్రతి నెలా కథ చివర ఒక ప్రశ్న అడిగేవాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వేయి చెక్కలవుతుందని బెదిరించేవాడు. ఇప్పటి పుస్తకాల్లోనూ చివర ప్రశ్నలుంటాయి గానీ, జవాబులు ఆ పేజీ అడుగునే, చెట్టుకు వేలాడే బేతాళుడిలాగే తలకిందులుగా అచ్చయి ఉంటాయి. పుస్తకాన్ని తిప్పితే చాలు, తలకు వచ్చిన ప్రమాదమేమీ లేదు. అదే కాలంలో మాస్కోలో కూర్చుని కొందరు తెలుగువాళ్లు రష్యన్ పుస్తకాలను చక్కని తెలుగులోకి మార్చి పంపేవారు. ఆ రంగుల బొమ్మల పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాల్లో పప్పుబెల్లాల ధరకు కొనుక్కుని, మంచు ముఖమే ఎరగని గుడివాడ పిల్లలు స్లెడ్జి బండ్ల గురించి వాదులాడుకునేవారు. 1991లో ఏకంగా ఆ సోవియట్ దేశమే లేకుండా పోవడంతో ఆ బెడద వదిలింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్ గారు మాత్రం నిప్పుకూ క్యాలెండరుకూ కూడా కథలుంటాయని పుస్తకాలు రాసి పిల్లలను చాలాకాలం తప్పుదోవ పట్టించారు. క్యాలెండరు గోడకు వేలాడదీయడానికే గానీ కథలు చెప్పడానికి కాదన్న సంగతి అంత చదువుకున్నవారికి తోచకపోవడం విచారకరం.

అయితే అన్నిటికన్నా పెద్ద ముప్పు మన ఊళ్లలోనే దాగి ఉంది. ఉదాహరణకు గుంటూరును తీసుకోండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సముద్రాలు దాటి ఆ ఊరు వచ్చాడు. చీకటి పడ్డ ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున లేచిన జ్వాలల కాంతిని, దాన్ని రంగుల గీతలుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిలో చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనిపించాలే అనిపించింది. మర్నాడు పొద్దున్నే మామూలు ఎండలో మళ్లీ చూశాడు. కనిపించాయి! అంతకుముందు గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకుని, తీరా ఆ రోజు మబ్బు పడితే తలపట్టుకుని కూర్చునే శాస్త్రవేత్తలకు ఆ ఉదయంతో రోజూ పండగే అయింది. హీలియం అనే మూలకం కథ కూడా ఆ ఏటి పరిశీలనలతోనే మొదలైంది. ఇదంతా చెబితే గుంటూరు పిల్లలు గ్రహణం రోజున తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోవడానికి ఒప్పుకోరు. అందుకే మన పుస్తకాలు దీన్ని, లాకియర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పేరు కూడా జోడించి, "హీలియం: జాన్సెన్, లాకియర్" అని మూడు మాటల్లో భద్రంగా మూసిపెట్టాయి. గుంటూరు పేరు ఎక్కడా పొక్కనివ్వలేదు.

సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడన్నది మాత్రం బిట్లలోకి ఎక్కింది, అందులో తప్పులేదు. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన హుస్సేన్ ఖాన్ అనే రోగికి ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ముట్టిందన్న సంగతిని వదిలేశారు, అది మరీ మంచిది. లేకపోతే మన పిల్లలు సైకిలు ధరను దోమల్లోకి మార్చి లెక్క కట్టేవారు.

డైనోసార్ల విషయంలోనూ ఇదే వివేకం కనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో తిరిగిన టైరనోసారస్ పేరును మన పిల్లలు తడబడకుండా పలుకుతారు. ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికి, ఆ ఊరి పేరునే తన పేరులో మోస్తున్న కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పొడవు దాదాపు 9 మీటర్లు, ఆకులలములు తినే సాధుజంతువు. 1988లో దానికి ఆ పేరు పెట్టారు. ఈ సంగతి పిల్లల పుస్తకాల్లోకి వస్తే పెరట్లో ఒక్క అరటిపిలకైనా బతుకుతుందా? గునపాలు ఎక్కడ దాచుకోవాలి?

సాహసకథల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఈమధ్య చదివిన ఒక కథలో నలుగురు పిల్లలు గుహలోకి వెళ్లే ముందు అమ్మానాన్నల అనుమతి తీసుకుని, పోలీసులకు కబురు చేసి, మంచినీళ్ల సీసాలు సర్దుకున్నారు. లోపల నిధి దొరికితే ప్రభుత్వానికి అప్పగించారు. కలెక్టరు గారు శాలువాలు కప్పారు. కథలో నాలుగో వంతు ఆ సన్మానసభే. గుహలో చీకటిగా ఉందో లేదో కూడా రచయిత చెప్పలేదు, పిల్లలు జడుసుకుంటారని కాబోలు.

ఇంత తెలిసీ నేను చేసిన ఒక నేరాన్ని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. మా మనవడికి జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం మీద 24 పేజీల పుస్తకం ఒకటి కొనిచ్చాను. "భీమవరమున జన్మించిన సుబ్బారావు బాల్యము నుండియే..." దగ్గర వాడు ఆవులించి, "తాతా, ఈయన అసలెప్పుడూ అల్లరి చేయలేదా?" అని అడిగాడు. అక్కడే నోరు జారాను. పదమూడేళ్ల వయసులో ఆయన ఇల్లు విడిచి పారిపోయాడనీ, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలన్నది పథకమనీ, ఇంటివాళ్లు వెనక్కి పట్టుకొచ్చారనీ, మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదనీ చెప్పేశాను. బోస్టన్ చేరాక పొట్ట గడవక ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసే పనికి కుదిరాడని చెప్పేసరికి వాడు లేచి కూర్చున్నాడు. అప్పుడు ఫోలిక్ ఆమ్లం గురించీ, కేన్సరుకు నేటికీ వాడే మెథోట్రెక్సేట్ గురించీ ఎంత చెప్పినా విన్నాడు. మధ్యమధ్య మాత్రం, "పట్టుకోకపోతే కాశీలో పళ్లు బాగానే అమ్ముడుపోయేవా?" అని అడుగుతూ వచ్చాడు.

మర్నాడు పొద్దున పాలవాడు వచ్చేసరికి వాడు అరుగు మీద గెలలోంచి కోసిన అరటిపళ్లు పేర్చుకుని కూర్చున్నాడు. డజను ఎంత అని పాలవాడు అడిగాడట, మా వాడు బేరం కూడా ఆడాడట. కోడలు వాడినేమీ అనలేదు. నా దగ్గరికి వచ్చి, "మామయ్యగారూ, మీరు వాడికి పుస్తకం చదివి వినిపించండి, అంతేగానీ పుస్తకంలో లేనివి చెప్పకండి" అంది. ఆ పుస్తకం ఇప్పుడు హాల్లోని అద్దాల బీరువాలో, వాడికి వ్యాసరచన పోటీలో వచ్చిన ఇత్తడి కప్పు పక్కన ఉంది. తాళంచెవి కోడలి కొంగున ఉంది.