ఎక్కడో దాక్కున్న ఉక్కు రేకు గారికి

మహారాజరాజశ్రీ స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, కరెంటు ఉన్నంతసేపూ. మీ క్షేమం అడగడం కేవలం మర్యాద కోసమే. దాదాపు 1400 డిగ్రీల వేడి దాకా మీరు కరగరనీ, ఏళ్ల తరబడి నీళ్లలో నానినా మీ మీది అక్షరం చెరగదనీ మా ఆయన చెప్పగా విన్నాను. ఇల్లు తగలబడినా బూడిదలోంచి మీరు చెక్కుచెదరకుండా లేచి వస్తారట. ఆ బూడిద జల్లించడానికి ఎవరు మిగులుతారన్నది ఆయనింకా ఆలోచించలేదు. వంటగది మూలన మంటలార్పే సిలిండరు ఒకటుంది. దాని ముల్లు ఆకుపచ్చలో ఉందో, ఎరుపులోకి జారిందో చూసిన పాపాన ఎవరూ పోలేదు.

మీకు జరిగిన సేవ నేను కళ్లారా చూశాను. తలుపు గడియ పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ సుత్తితో కొట్టారు. 2048 ఇంగ్లీషు మాటల జాబితాలోంచి వచ్చిన 24 మాటలు. బ్యాంకు లేకుండా కంప్యూటర్ల మధ్యే నడిచే బిట్‌కాయిన్ అనే డబ్బు మా ఆయన దగ్గరుంది, పరికరం పోయినా ఆ ఖాతాను తిరిగి తెరిచే తాళంచెవి ఈ మాటలేనట. మాట మొత్తం చెక్కక్కర్లేదట, మొదటి నాలుగు అక్షరాలు చాలట. ఆ నాలుగూ మరే మాటకీ రాకుండా ముందే చూసి ఆ జాబితా కట్టారట. చివరి మాటలో కొంత భాగం పై వాటిని సరిచూసే లెక్కట. ఎంత ముందుచూపో! స్విచ్ బోర్డులో ఏ మీట ఏ గదిదో చీటీ అంటించమంటే మాత్రం, "అదేముందిలే, వేసి చూస్తే తెలుస్తుంది" అన్నారు ఇదే మహానుభావుడు.

ఆయన మతం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఎవర్నీ నమ్మకు, నువ్వే సరిచూసుకో. 2009 జనవరి 3న పుట్టిన మొట్టమొదటి బిట్‌కాయిన్ బ్లాకులోనే, అంటే లావాదేవీల చిట్టా మొదటి పుటలోనే, బ్యాంకుల్ని ప్రభుత్వం మరోసారి ఆదుకోబోతోందన్న పత్రికా శీర్షిక పొదిగి ఉందని మాకు పురాణంలా వినిపించారు. ఆనాటి నుంచి నిన్న రాత్రి దాకా జరిగిన ప్రతి లావాదేవీనీ మా అల్మరా మీది చిన్న కంప్యూటరు స్వయంగా సరిచూసుకుంటుంది. 600 జీబీ పైచిలుకు చిట్టా. ముక్కూమొహం తెలియని వాళ్లు ఒకరికొకరు పంపుకున్న సొమ్ముకు అణాపైసలతో సహా మా ఇంట్లో లెక్కుంది. టార్చిని సరిచూసిన నాథుడు మాత్రం లేడు. మొన్న దీపాలారిపోయినప్పుడు నేనే తీశాను. లోపలి సెల్సు కారిపోయి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. కొవ్వొత్తులు దొరికాయి, అగ్గిపెట్టె దొరకలేదు. బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవనీ, కొరతే దాని బలమనీ ఆయన రోజూ చెప్తారు. మా ఇంట్లో అసలైన కొరత అగ్గిపుల్లలది.

ఆ చీకట్లో కూడా ఆయన ముఖంలో వెలుగు తగ్గలేదు. "మనకు లేకపోతేనేం, నెట్‌వర్క్ ఆగదు. పది నిమిషాలకో బ్లాకు వస్తూనే ఉంటుంది" అన్నారు. మన ఇంట్లోని రౌటరు ఆగిపోయింది కదండీ అంటే, ఇంటర్నెట్ లేకున్నా డిష్ పెట్టుకుంటే ఉపగ్రహం నుంచి చిట్టా దించుకోవచ్చట, 2017లోనే ఆ సౌకర్యం వచ్చిందట. మంచిదే. కానీ అది దిగుమతే గానీ ఎగుమతి కాదు. ఆకాశం చెప్పేది మనం వినొచ్చు, మనం పంపాలంటే వేరే దారి వెతుక్కోవాలి. దుకాణంలోనూ కరెంటు లేదు, అక్కడ నోట్లే కావాలి. చిల్లర నోట్లు కొన్ని డబ్బాలో వేసి ఉంచుదామని ఎప్పటి నుంచో పోరుతున్నాను. "విలువ కరిగిపోయే కాగితం" అంటూ చెయ్యి విదిలించే మనిషి, ఆ రాత్రి పక్కింటి తలుపు తట్టి అదే కాగితం అప్పు తెచ్చారు. ఎవర్నీ నమ్మనక్కర్లేని బతుకు అలా ఉంది.

నీళ్ల గురించి పెద్దగా చెప్పను. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున కొన్ని రోజులకు సరిపడా పక్కన పెట్టుకోవాలన్నది విపత్తుల విషయం తెలిసినవాళ్లు చెప్పే మోటు లెక్క. ఆ డ్రమ్ము నింపేదీ నేనే, పాత నీళ్లు పారబోసేదీ నేనే. కొత్త బ్లాకులు కట్టే మైనర్లకు దక్కే బహుమానం సగానికి పడే హాల్వింగ్ 2024 ఏప్రిల్‌లో అయిందనీ, మళ్లీ 2,10,000 బ్లాకులకనీ ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మందుల పెట్టెలో ఏ మాత్రకు గడువు తీరిందో అడిగి చూడండి.

అసలు విషయానికొస్తాను. మీరెక్కడున్నారో నాకు తెలియదు. దొంగకు దొరక్కుండా దాచారు, సరే. మిమ్మల్ని చదివినవాడు సొమ్ము దాకా వచ్చేసినట్టే కనుక ఆ జాగ్రత్త తప్పు కాదు. కాకపోతే ఈ ఇంట్లో దొంగకీ నాకూ సమాన గౌరవం దక్కింది. పైగా మీ మీద లేని ఇరవై అయిదో మాట ఒకటుందట, పాస్‌ఫ్రేజ్, అది ఆయన తలలో ఉందట. అది తప్పు కొడితే తప్పని కూడా అనదట. మర్యాదగా ఇంకో ఖాళీ ఖాతా తెరిచి చూపిస్తుందట. అంటే రేపు ఏదైనా జరిగి నేను గోడలన్నీ తవ్వి మిమ్మల్ని పట్టుకున్నా, సున్నా చూసి, ఈయన ఏమీ దాచలేదు కాబోలు అనుకుని ఊరుకుంటాను. 1400 డిగ్రీలకు కరగని ఏర్పాటు ఒక మనిషి మతిమరుపు మీద నిలబడి ఉంది.

భోజనాల దగ్గర మాకు కథలకు కొదవ లేదు. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో జేమ్స్ హోవెల్స్ అనే ఆయన హార్డ్ డ్రైవు 2013లో చెత్తకుప్పలోకి పోయింది, దాదాపు 8,000 బిట్‌కాయిన్లతో. స్టెఫాన్ థామస్ అనే మరొకాయన 7,002 ఉన్న పరికరం పాస్‌వర్డ్ మరిచారు. పదిసార్లు తప్పితే అది శాశ్వతంగా మూసుకుంటుంది, ఎనిమిది అయిపోయాయి. ఇవి చెప్పి, "అందుకే ఉక్కు" అంటారు మా ఆయన. ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచుదామన్న ఆలోచన ఆ కథల్లోంచి రాలేదు, ఎందుకో.

కాబట్టి మీ ద్వారా ఆయనకు నా విన్నపం. మూడు తాళంచెవుల్లో ఏ రెండు కలిసినా తెరుచుకునే ఏర్పాటు ఉందట కదా, అందులో ఒకటి నా పేర పెట్టమనండి. ఏడాదికోసారి ఖాళీ పరికరంలో మీ 24 మాటలూ కొట్టి, ఆ పాస్‌ఫ్రేజూ కొట్టి, ఖాతా తిరిగి వస్తోందో లేదో నా ఎదుట చూపించమనండి. సరిచూసుకోమన్నది ఆయన సిద్ధాంతమే కదా.

ఇంకొక్కటి. మీ వెనక వైపు ఖాళీగా ఉందని విన్నాను. గ్యాసు వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుందో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఎవరికి ఏ మందు పడదో అక్కడ చెక్కించండి. సుత్తి ఇంట్లోనే ఉంది.

చిరునామా లేదు గనుక ఈ ఉత్తరాన్ని మంటలార్పే సిలిండరుకు కట్టి పెడుతున్నాను. ఆయన కంట పడడానికి కొంత కాలం పట్టవచ్చు.

ఇట్లు,
నీళ్ల డ్రమ్ము, మందుల పెట్టె, అగ్గిపెట్టెల శాఖ