రోడ్డు దాటేవారి గోడు

1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్-మాంచెస్టర్ రైలుమార్గం ప్రారంభోత్సవంలోనే బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు విలియం హస్కిసన్‌ను ‘రాకెట్’ అనే ఇంజను ఢీకొట్టింది. ఆ రాత్రే ఆయన కన్నుమూశారు. అయినా రైళ్లు ఆ రోజే మాంచెస్టర్ చేరాయి, ఆ తర్వాతా జనం ఎగబడి ఎక్కారు. వారిని తప్పుపట్టలేం. కరవు ప్రాంతానికి సకాలంలో ధాన్యం అందినా, కాన్పు కష్టమైన తల్లి ప్రాణాలతో ఆసుపత్రి చేరినా, పుట్టిన చోట పని దొరకనివారు దూరాన బతుకుదెరువు వెతుక్కోగలిగినా అది ఆధునిక రవాణా చలవే. ఎడ్లబండ్ల కాలాన్ని తలచి మురిసిపోయేవారిలో చాలామంది ఆ బండిలో నొప్పులు పడుతూ ప్రయాణించినవారు కారు.

అయితే మేలు ఒకరికి, కీడు వేరొకరికి దక్కుతుండటమే మా అభ్యంతరం. 1956లో ‘ఐడియల్ ఎక్స్’ నౌక సరుకు నింపిన 58 కంటెయినర్ పెట్టెలతో అమెరికాలోని న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరడంతో ఊపందుకున్న కంటెయినర్ రవాణా, సరుకు చేరవేత ఖర్చును బాగా తగ్గించి, బస్తాలు మోసే రేవు కూలీల పనిని ఊడగొట్టింది. రోడ్ల మీద ఈ అన్యాయం ప్రాణాల దాకా వస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాలకు బలవుతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల వయసువారి మరణాలకు మొదటి కారణం ఇదే. మృతుల్లో సగానికి పైగా పాదచారులు, సైకిళ్లు, మోటారు సైకిళ్లపై వెళ్లేవారే.

రద్దీ కూడళ్లలో నడిచేవారి కోసం వెలిగే పచ్చదీపం చాలాచోట్ల చురుగ్గా నడిచేవారి అడుగులకే సరిపోతుంది. చేతికర్ర పట్టుకుని బయలుదేరిన వృద్ధురాలు సగం దాటేసరికి అది ఆరిపోతుంది. ఇక డివైడర్ అంచున, రెండు వైపులా దూసుకుపోయే వాహనాల నడుమ, ఎవరైనా దయతలచి ఆగేదాకా ఆమె నిలబడాల్సిందే. వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలవుతుంది కనుక, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలితే గాయాలతో బయటపడగల మనిషి 60 దగ్గర బతికి బట్టకట్టే అవకాశం బాగా తగ్గిపోతుంది.

విద్యుత్ వాహనాలతో అన్నీ సర్దుకుంటాయన్న వాదన సగమే నిజం. పొగ తగ్గడం చిన్న మేలేం కాదు. 1920లలో వాడకం మొదలైన, విషపూరితమైన సీసం కలిపిన పెట్రోలు కార్లలోంచి పూర్తిగా తొలగిపోవడానికి 2021 దాకా పట్టింది. కానీ టైర్ల ధూళి, ఇరుకు, ప్రమాదం ఎక్కడికీ పోవు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 2006లో నగర కేంద్రంలోకి వచ్చే వాహనాలపై ప్రయోగాత్మకంగా రుసుము వేస్తే రాకపోకలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. తొలుత విముఖంగా ఉన్న నగరవాసులే అదే ఏడాది ప్రజాభిప్రాయ సేకరణలో దానికి మొగ్గుచూపారు. మరుసటి ఏడాది అది శాశ్వతమైంది. ఆ పాటి తెగువ అన్నిచోట్లా పాలకులకు ఉండాలి. రోడ్డు విస్తరణ దస్త్రంలో వాహనదారులకు ఎన్ని నిమిషాలు కలిసివస్తాయో రాసే చోటనే, నెమ్మదిగా నడిచేవారు ఆ రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు ఇస్తున్నారో కూడా రాయాలని, ఆ లెక్క లేని దస్త్రాన్ని సంతకం పెట్టకుండా వెనక్కి పంపాలని కోరుతున్నాం.