లూకా చేసిన పనిని మన పిల్లలకు వద్దనకండి

మార్కు సువార్త 16వ అధ్యాయంలోని చివరి 12 వచనాలు నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిలు చేతిరాత ప్రతులైన సైనైటికస్, వాటికానస్ రెండింటిలోనూ లేవని కాలేజీలో విని వచ్చిన పిల్లలను, ఆ మతచరిత్ర క్లాసే మానేయమంటున్న తల్లిదండ్రులను మన సంఘంలోనే చూస్తున్నాను. హనుమకొండలో సండే స్కూలుకు వెళ్లి పెరిగిన నాకు ఆ భయం పరిచయమే. కానీ లూకా తన సువార్త మొదట్లోనే, కన్నులారా చూసినవారు అప్పగించిన సంగతులన్నిటినీ తరచి తెలుసుకొని వరుసగా రాస్తున్నానని చెప్పుకున్నాడు. తరచి చూడడం అవిశ్వాసమైతే ఆ సువార్త మనకు ఉండేదే కాదు.

ఈ విషయంలో నా కళ్లు తెరిపించింది మన డోర్నకల్. 1909లో తిరునల్వేలి నుంచి అక్కడికి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. హిందూ, ముస్లిం వాస్తు రీతులను కలుపుకొని ఆయన కట్టించిన చర్చిని 1939లో ప్రతిష్ఠించారు. ఆ కాలంలో పల్లెలకు పల్లెలు బాప్తిస్మం తీసుకోవడం మా నాయనమ్మ దృష్టిలో పరిశుద్ధాత్మ కార్యం. చరిత్రకారుడు మాత్రం, వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారే ఎందుకయ్యారని, దొరల వెట్టి కింద నలిగినవారికి బడిలో చోటు, ప్రభువు బల్ల దగ్గర, అంటే అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, స్థానం ఎంత విలువైనవని అడుగుతాడు. సంఘంలో చేరాక కూడా మాల, మాదిగల మధ్య దూరం ఎందుకు పోలేదని కూడా అడుగుతాడు. ఆ చివరి ప్రశ్న మనకు నొప్పి కలిగిస్తుంది, కలిగించాలి కూడా. ఆకలికే మతం మారారని తేల్చేసేవారూ, ఆకలి మాటే ఎత్తవద్దనేవారూ మా నాయనమ్మ వివేకాన్ని ఒక్కలాగే చిన్నచూపు చూస్తున్నారు. ఆమెకు దేవుడూ కావాలి, గౌరవమూ కావాలి. ఆ రెంటినీ ఆమె విడదీసి చూడలేదు.

చరిత్రకూ హద్దు ఉంది. యేసును రోమా అధిపతి పిలాతు సిలువ వేయించాడని, ఆ తర్వాత ఆయన తమకు కనబడ్డాడని శిష్యులు తొలినాళ్ల నుంచే చాటారని అది చెప్పగలదు. ఆయనను మృతులలో నుంచి లేపింది దేవుడా అన్నది ప్రతులను పోల్చి తేల్చే విషయం కాదు.

మా అమ్మాయి ఆ క్లాసు నుంచి వచ్చిన సాయంత్రం ఇద్దరం మార్కు 16 తెరిచి, ఆ పాత ప్రతుల్లో మార్కు ముగిసే 8వ వచనం దగ్గర ఆగాము. సమాధి దగ్గరి నుంచి పారిపోయిన స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని అక్కడ ఉంది. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, పాస్టరుగారిని అడగడానికి మూడు ప్రశ్నలు రాసుకుంది. క్లాసు మానలేదు, ఆదివారం ఆరాధనా మానలేదు.