ఇరుసు ఎవరు కనిపెట్టారు?

మొన్న ఇక్కడ, పరాయి దేశంలో, మన తెలుగువాళ్ళం చేసుకున్న సంక్రాంతి వేడుకల్లో పిల్లల ప్రాజెక్టుల పోటీకి కూర్చున్న ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురు కలిసి 'చక్రం ఎలా పుట్టింది' అని ఒక ప్రాజెక్టు చేసుకొచ్చారు. దానికి మూడో బహుమతి ఇచ్చాం. మొదటిది ఇవ్వాల్సింది. మార్కుల కాగితం మీద నా సంతకమూ ఉంది కాబట్టి ఇప్పుడు ఎవరినో తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పకపోతే వచ్చే ఏడు కూడా అదే జరుగుతుంది.

బల్ల మీద ఒక పెద్ద చార్టు, అట్టముక్కలతో చేసిన బండి, దాని మీద రెండు పౌన్ల కందిపప్పు ప్యాకెట్. చార్టు పైన 'చక్రాన్ని ఎవరు కనిపెట్టారు?' అన్న ప్రశ్న. అడుగున జవాబు: 'తెలియదు. ఒక్కరే కాకపోవచ్చు.' మా మార్కుల కాగితంలో 'మన సంస్కృతితో సంబంధం' అని పది మార్కుల గడి ఒకటి ఉంది. ఆ జవాబు చదివిన మరుక్షణమే మాకు ఆ గడి గుర్తొచ్చింది.

నాతో ఉన్న జడ్జి గారు మంచి మనిషి. నవ్వుతూనే అడిగారు, "తెలియదంటే ఎలాగమ్మా? మన వేదాల నిండా రథాలే కదా?" అని. ఆ అమ్మాయి తడబడలేదు. "రథాలకి ఆకుల చక్రాలు, అంటే స్పోకులున్నవి, కావాలి అంకుల్. అవి రష్యాలో ఉరల్ కొండల దగ్గర సింతష్ట అనే చోట పాత సమాధుల్లో దొరికాయి, సుమారు క్రీ.పూ. 2000 నాటివి. ఆకుల్లేని చెక్క చక్రాలు అంతకంటే వెయ్యేళ్ళకు పైగా పాతవి" అంది. పక్కనున్న ఇంకో నాన్నగారు సినౌలీ సంగతి ఎత్తారు. అదీ చార్టులో ఉంది. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని సినౌలీలో తవ్వకాల్లో బయటపడిన వాటిని పురావస్తు శాఖ వాళ్ళు రథాలన్నారు. చక్రాలకి ఆకులు లేవు, గుర్రం ఎముకలు దొరకలేదు, కాబట్టి అవి ఎడ్లబండ్లే అని మరికొందరన్నారు. పిల్లలు రెండూ రాసి ఊరుకున్నారు. మేమైతే ఏదో ఒకటి తేల్చేసేవాళ్ళం.

నిజానికి తేల్చడం ఎందుకు కష్టమో ఆ చార్టు చూస్తే అర్థమైంది. పోలండ్‌లోని బ్రొనొచిత్సెలో దొరికిన కుండ మీద నాలుగు చక్రాల బండి బొమ్మలు గీసి ఉన్నాయి, సుమారు క్రీ.పూ. 3500 నాటివి. జర్మనీలో ఫ్లింట్‌బెక్ దగ్గర ఒక సమాధి దిబ్బ కింద బండి చక్రాల జాడలు బయటపడ్డాయి. ఇరాక్‌లోని ఉరుక్ మట్టి పలకల మీద చక్రాల బండి గుర్తు ఉంది. అన్నీ కొద్ది వందల ఏళ్ళ తేడాలో. ఎవరు ముందు, ఎవరు చూసి నేర్చుకున్నారు అంటే చెప్పడానికి ఆ పాత చెక్క మిగలాలి కదా, చెక్క మట్టిలో కుళ్ళిపోతుంది.

కుళ్ళకుండా మిగిలిన ఒక చక్రం గురించి మాత్రం వాళ్ళు సగం చార్టు రాశారు. స్లొవేనియా రాజధాని లుబ్లియానాకి దక్షిణాన ఉన్న చిత్తడి నేలల్లో 2002లో దొరికింది. వయసు 5,100 నుంచి 5,350 ఏళ్ళ మధ్య. అడ్డం 70 సెంటీమీటర్ల పైచిలుకు. చెట్టు దుంగని అడ్డంగా కోస్తే చక్రం వచ్చేస్తుందని నేనూ ఇన్నాళ్ళూ అనుకున్నాను. రాదట. ఎండేకొద్దీ మధ్య నుంచి అంచుదాకా పగుళ్ళిచ్చి విడిపోతుంది. అందుకే లుబ్లియానా వడ్రంగి రెండు యాష్ చెట్టు పలకల్ని పక్కపక్కన చేర్చి, నాలుగు ఓక్ బద్దలతో బిగించాడు. మధ్యలో నలుపలకల బెజ్జం. ఓక్ ఇరుసు, అంటే రెండు చక్రాల మధ్య ఉండే అడ్డకర్ర, అందులో కదలకుండా బిగుసుకుంటుంది, అంటే చక్రమూ ఇరుసూ కలిసే తిరుగుతాయి. మన ఎడ్లబండికి అలా ఉండదు. ఇరుసు బండికి బిగించి ఉంటుంది, చక్రాలు దాని చుట్టూ తిరుగుతాయి. ఇందులో ఏముందనిపిస్తుంది కానీ మలుపు దగ్గర తెలుస్తుంది. బయటివైపు చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి, లోపలివైపుది తక్కువ. రెండూ ఒకే ఇరుసుకి బిగిసి ఉంటే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోవాల్సిందే.

ఈ మలుపు సంగతి ఏ పుస్తకంలో చదివారని అడిగాను. పుస్తకం కాదు, తాతయ్య అన్నారు. నలుగురిలో ఒకమ్మాయి తాతగారు కృష్ణా జిల్లాలో ఉంటారు, ఒకప్పుడు సొంత బండి, ఎడ్లు ఉన్న రైతు. పిల్లలు అట్ట చక్రాలు గుండ్రంగా కోసి గొప్పగా వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన, "చక్రం సంగతి తర్వాత అమ్మలూ, ముందు ఇరుసు చూపించు" అన్నారట. అప్పటికి ఇరుసు అంటే వాళ్ళకి తెలియదు. బెజ్జం బిగుతుగా ఉంటే చక్రం తిరగలేదు. పెద్దది చేస్తే ఊగింది. ఇరుసు లావుగా పెడితే రాపిడి, సన్నగా పెడితే కందిపప్పు బరువుకి వంగిపోయింది. మూడు వారాలు, పదకొండు ఇరుసులు. చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో 'చక్రం తేలిక, ఇరుసు కష్టం' అని రాసింది అందుకే. పండితులు కూడా అదే అంటారు: గుండ్రంగా దొర్లే వస్తువు మనిషికి ఎప్పుడో తెలుసు, దాన్ని ఆగి ఉన్న బరువుకి కలపడమే అసలు పని.

ఆయన ఇంకా చాలా చెప్పారు. కమ్మరి ఇనుప పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తే అది ముడుచుకుని చెక్కల్ని ఎలా పట్టేస్తుందో చెప్పారు. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర కొట్టే చీల గురించి చెప్పారు. ఆ మాటలన్నీ పిల్లలు తెలుగులోనే, తప్పులతో, చార్టు పక్కన రాసుకున్నారు. చక్రం, వీల్ అనే మాటలు ఒకే పాత మాటకి మనుమలని, గ్రీకుల కుక్లోస్ కూడా ఆ ఇంటిదేనని, సైకిల్ అందులోంచే వచ్చిందని ఒకబ్బాయి చెప్పాడు. అక్షం, యాక్సిల్ కూడా చుట్టాలే. ఇరుసు, బండి మాత్రం వేరే ఇంటివి. తమిళంలో ఇరుసు, వండి అంటారు.

ఇంత విన్నాక 'మన సంస్కృతితో సంబంధం' గడిలో మేం పదికి నాలుగు వేశాం. మనవాళ్ళే కనిపెట్టారని వాళ్ళు అనలేదు కదా!

అదే రోజు మధ్యాహ్నం పద్యాల పోటీ. ఇరుసుకి కందెన పెట్టకపోతే పరమేశ్వరుడి బండి కూడా కదలదనే సుమతీ పద్యాన్ని ఒక బాబు ఒక్క అక్షరం తప్పకుండా చెప్పి మొదటి బహుమతి కొట్టాడు. కందెన అంటే ఏమిటని కిందికి దిగాక అడిగాను. "అది పద్యంలో వర్డ్ అంకుల్" అన్నాడు. బాబు తప్పేం లేదు, మేం పెట్టిన పోటీ అలాంటిది.

మనవాళ్ళే అనిపించుకోవాలన్న కోరిక ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. ఇక్కడి స్కూలు పుస్తకంలో చరిత్ర గ్రీసులో ఎక్కి రోమ్‌లో దిగుతుంది, మన పేరు ఒక పేజీలో వచ్చి పోతుంది. దానికి బదులుగా శనివారం హాల్లో మైకు పట్టుకుని అన్నీ మనవే అంటాం. హరప్పా వాళ్ళ మట్టి బండి బొమ్మలు చూస్తే నాకూ ఛాతీ ఉబ్బుతుంది. కానీ కనిపెట్టడం ఒక్కటే గొప్పనుకుంటే మెక్సికో సంగతి ఏం చెయ్యాలి? అక్కడి వెరాక్రూజ్ ప్రాంతంలో పాతకాలపు మట్టి జంతువుల బొమ్మల కాళ్ళకి చక్రాలున్నాయి. చక్రం తెలుసు, ఇరుసూ తెలుసు. లాగడానికి ఎడ్లు లేవు, బండి చేసుకోలేదు. 2024లో ముగ్గురు పరిశోధకులు కార్పేథియన్ కొండల రాగి గనుల్లో, ఇరుకు సొరంగాల్లో దుంగల మీద బరువులు దొర్లించినవాళ్ళే క్రమంగా చక్రందాకా వచ్చి ఉంటారని లెక్కలు కట్టి చూపించారు. రేపు ఇంకో తవ్వకంలో ఆ మాటా మారొచ్చు. 'తెలియదు' అని రాసిన పిల్లలు అప్పుడు చార్టులో ఒక వాక్యం చేరుస్తారు. 'మనమే' అని రాసినవాళ్ళు కొట్టేసుకోవాలి.

ఆ పది మార్కుల గడిని తీసేయండి అని నేను అనను. పేరు మార్చండి: 'ఇంట్లో పెద్దవాళ్ళని ఏం అడిగారు?' అని పెట్టండి. పద్యం చెప్పిన పిల్లల్ని అందులో ఒక్క మాటకి అర్థం అడగండి. జడ్జీలుగా మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళనే కాకుండా, ఆర్నెల్లకి వచ్చి పిల్లల ఇంట్లో టీవీ ముందు కూర్చుంటున్న అమ్మమ్మల్ని, తాతయ్యల్ని కూర్చోబెట్టండి. వడ్లు, మగ్గం, కుమ్మరి సారె తెలిసినవాళ్ళు ప్రతి సంక్రాంతికీ మన హాల్లో వెనక వరసలో షాలువా కప్పుకుని కూర్చునే ఉంటారు.

ఫలితాలు చెప్పాక పిల్లలు అక్కడినుంచే కృష్ణా జిల్లాకి ఫోన్ చేశారు. అక్కడ తెల్లవారుజాము. ఎన్నో బహుమతని ఆయన అడగలేదు. "బండి కదిలిందా? ఏం కందెన పెట్టారే?" అన్నారు. కొబ్బరినూనె అని వీళ్ళు చెప్పగానే అవతల పెద్ద నవ్వు. "చలికి గడ్డకట్టుకుపోద్ది కదే! ఆముదంలో గడ్డి మసి కలపాలి." ఆముదం ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది. గడ్డి ఎక్కడ కాల్చాలా అని నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.