పదివేల వాలా గారికి, పిల్లి తరఫున

హైదరాబాద్ బేగంబజారు నుంచి స్కూటీ ముందు సంచీలో కూర్చుని మా గల్లీకి విచ్చేసిన టపాకాయల సరం, పదివేల వాలా గారికి నమస్కారాలు.

తమరి సందడి నిమిషాల్లో తేలిపోతుంది. బిల్లు మాత్రం పిల్లి ఒంట్లో రెండు వారాల దాకా వాయిదాల్లో పడుతుంది. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తే దాని చెవి 85 దాకా వింటుంది. బియ్యం డ్రమ్ము వెనక ఎలుక కదలిక పట్టడానికున్న ఆ చెవిలోకి, సెల్లార్ గోడలకు మోగుతూ తమరు దూరతారు. 2018లో సుప్రీంకోర్టు సరాలనే నిషేధించింది గానీ, అంతకుముందే చట్టం తమరికీ గీత గీసింది: విడి బాంబుకు 4 మీటర్ల దూరాన 125 డెసిబెల్స్, సరానికి కాయల సంఖ్యను బట్టి తగ్గింపు. పదివేలకు 20 పోను 105. పెట్టెలో నిజంగా పదివేలుంటాయా అన్నది వేరే తగాదా.

మొదటి వాయిదా అక్కడికక్కడే. కళ్లు నల్లగా విచ్చుకుంటాయి, గుండె పరిగెడుతుంది, రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. ఆ పూట రక్తం తీస్తే లేని షుగరు జబ్బు కనిపిస్తుంది. ఇన్సులిన్ మొదలెట్టే ముందు, కొన్ని వారాల సగటు చక్కెర చూపే ఫ్రక్టోసమిన్ పరీక్ష చేయిస్తే గుట్టు తెలుస్తుంది. గుండె కండరం మందమైన పిల్లి పైకి దుక్కలా ఉంటుంది, ఒక్క అదటుతో కుప్పకూలవచ్చు. కుక్క నోరు తెరిచి రొప్పితే మామూలే. పిల్లి రొప్పితే ఆటో పిలవాల్సిందే.

రెండోది మూత్రాశయం మీద, ఒకటి రెండు రోజుల్లో. క్రిమి ఏమీ లేకుండానే బెదురుకు లోపలి పొర వాస్తుంది. పిల్లి మూత్రానికి వెళ్లే ఇసుక ట్రేలో నిమ్మకాయంత ఉండే తడి గడ్డలు బఠాణీ గింజలంత అవుతాయి. గండుపిల్లికి నాళం సన్నం గనుక పూర్తిగా మూసుకుపోవచ్చు. మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతుంటే ఇంట్లోవాళ్లు మలబద్ధకమనుకుని ఆముదం పడతారు. అప్పటికి రక్తంలో పొటాషియం పెరుగుతూ ఉంటుంది, అదే గుండెను ఆపేస్తుంది. చుక్క పడకపోతే తెల్లారేదాకా ఆగకూడదు.

బొద్దు పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది. వారం తర్వాత తుమ్ములు, కళ్ల నీళ్లు: నరాల్లో నక్కిన హెర్పిస్ వైరస్ లేచిందన్నమాట. నింద మాత్రం ఏసీకి.

పిల్లి చెలగాటమాడుతుందని సామెత పుట్టించిన జాతి మనది. తమరొచ్చాక ప్రాణసంకటం దానిదే.

మేం చేసేదేమిటంటే, మంచం వెనక అట్టపెట్టె పక్కకు పడుకోబెట్టి పాత బొంత కప్పుతాం. ట్రే, నీళ్లు ఆ గదిలోకే తెస్తాం. బాల్కనీ తలుపు ముందే మూస్తాం. బెదిరిన పిల్లికి ఎత్తు గుర్తుండదు. దూరినదాన్ని కాళ్లు పట్టి లాగం. పారాసిటమాల్ అరముక్క కూడా వెయ్యం, అది పిల్లికి విషం. బెదురు తగ్గించడానికి డాక్టరు బరువు చూసి రాసిన గబాపెంటిన్ మాత్ర ఒకసారి ప్రశాంతమైన రోజున వేసి చూసుకుంటాం. అసలు రోజున రెండు మూడు గంటల ముందు వేస్తాం.

చిక్కంతా ఆ గంటల దగ్గరే. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది గనుక సాయంత్రం ఐదున్నరకు మాత్ర పడిపోతుంది. బరాత్‌లో తమరెప్పుడు అంటుకుంటారో పెళ్లికొడుక్కే తెలియదు. గుర్రం ఎక్కించే ముందు వాచ్‌మన్‌తోనైనా ఒక కబురు పెట్టించగలరు.

ఇట్లు,
మంచం కిందికి టార్చి కొట్టి చూసేవాళ్లం