అమ్మ టెలిఫోను డైరీకి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టెలిఫోను డైరీ గారి సముఖానికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీలు లేదు. మా అమ్మ పోయిన సంగతి తమరికి తెలుసు. ఆ సంగతి మిగతావారికి తెలియజేయడానికే నిన్న మధ్యాహ్నమంతా తమరి ఎదుట కూర్చున్నాను. సంస్మరణ సభకు ఎవరెవరిని పిలవాలని ఇంట్లో అడిగితే, అందరూ డైరీలోనే ఉన్నారని తలా ఒకసారి చెప్పి తప్పుకున్నారు. ఉన్న మాట నిజమే. వాళ్ల పేర్లే లేవు.

1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ హేవెన్‌లో వెలువడిన తొలి టెలిఫోను డైరెక్టరీ ఒకే ఒక్క కాగితమట. అందులో 50 మంది చందాదారుల జాబితా ఉంది కానీ ఒక్క నంబరైనా లేదు, ఎందుకంటే ఎవరు కావాలో చెబితే ఆపరేటరే కలిపేవారు. తమరు ఆ వంశంలో పుట్టి దానికి పూర్తిగా అడ్డం తిరిగారు. తమరి దగ్గర నంబర్లకు కొదవ లేదు, మనుషుల ఆనవాళ్లు మాత్రం ఇలా ఉన్నాయి: "కిటికీ సీటు ఇచ్చిన అమ్మాయి", "గొడుగు మరిచిపోయినావిడ", "మోకాళ్ల డాక్టరు దగ్గర నా వెనక వరస", "ఎప్పుడూ నవ్వే మనిషి", "నవ్వని మనిషి (మంచావిడే)". ఫోను ఎత్తిన ఒక పెద్దమనిషిని నేను ఏమని పలకరించాలి? అయ్యా, మీరు నవ్వేవారా, నవ్వనివారా?

తమరి అంచున చెక్కిన ఇంగ్లీషు అక్షరాలను అమ్మ ఏనాడూ లెక్కచేయలేదు, తమరు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరికీ పనికిరాని ఎక్స్ పుటను సైతం ఎక్స్‌రే గది బయట పరిచయమైనవారితో నింపుకున్నారు. కొట్టివేతలూ బాణాలూ అంటిన సిరా మరకలూ ఇక్కడ ఎత్తను.

నేను మరిచిపోలేనిది వేరే ఉంది. ఆర్ పుటలో "రాంగు నంబరు ఆయన" అని ఉంది. ఎప్పుడో ఎవరికో చేయబోయి మా ఇంటికి ఫోను చేసిన మనిషి. ఇంకెవరైనా అయితే రాంగు నంబరని చెప్పి పెట్టేసేవారు. మా అమ్మ మాత్రం ఆయనకు కావలసిన వారెవరో, వారితో ఏం పనో కనుక్కొని, ఆ పని అయిందో లేదో తెలుసుకోవడానికి తిరిగి ఫోను చేయాలని నంబరు రాసుకుంది. ఆయనకు నిన్న కబురు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నా వెన్నునొప్పి తగ్గిందా అని అడిగారు. మా పెద్దమ్మాయి ఉద్యోగం మారిందనీ, చిన్నవాడికి చీకటంటే భయం పోయిందనీ ఆయనకు తెలుసు. చిన్నవాడికి చీకటంటే భయమని నాకే తెలియదు. ఆ భయం వాడు నాయనమ్మకు చెప్పాడు, నాయనమ్మ రాంగు నంబరు ఆయనకు చెప్పింది, ఆయన నాకు చెప్పారు. నా ఇంటి సంగతి నాకు చేరడానికి ఇంత దూరం తిరిగిరావాలా?

మనిషి నిలకడగా నిలుపుకోగల పరిచయాలు సుమారు 150 అని రాబిన్ డన్‌బార్ అనే మానవశాస్త్రవేత్త 1992లో కోతుల మెదళ్లనూ వాటి గుంపులనూ పోల్చి లెక్క కట్టారు. ఆయన మా అమ్మ పక్కన కూర్చుని ప్రయాణం చేసి ఉండరు.

ఇదంతా సెల్‌ఫోనులో ఎక్కించి పెడతానని మనవరాలు ఎన్నోసార్లు అడిగింది. అందులో అయితే పేరు రాయాలి కదే, పేరు తెలియనివాళ్లు నొచ్చుకుంటారు అని అమ్మ ఒప్పుకోలేదు. తమరు ఒప్పుకున్నారు. అడిగినదల్లా రాయించుకుని, అడగవలసిన ఒక్క మాట అడగకుండా నోరు మూసుకున్నారు. ఏమమ్మా, ఈవిడ పేరేమిటి అని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయేది? ఆమెకు చెవులున్నాయి, గుర్తుంది; ఆమె పోయాక ఈ చిట్టా ఎవరు చదవాలనుకున్నావు? ఆమె నోట్లో ఉన్న సగం నువ్వు ఎక్కించుకోలేదు, నీలో ఉన్న సగం మాకు అర్థం కాదు.

చివరి పుట సంగతి కూడా తేల్చుకోవాలి. అక్కడ ఒక నంబరు కింద అమ్మ రాత స్పష్టంగానే ఉంది: "ఈవిడకు చెడ్డ కబుర్లు చెప్పకూడదు. గుండె నీరసం. ఏదైనా నవ్వే మాట చెప్పాలి." ఈ ఆదేశాన్ని ఇన్నాళ్లు భద్రంగా దాచావు కదా, ఇప్పుడు ఏం చేయాలో కూడా నువ్వే చెప్పు. నేను ఆవిడకు ఫోను చేయలేదు. పొద్దున ఆవిడే అమ్మ ఫోనుకు చేశారు. అమ్మ పడుకుందని చెప్పి, చిన్నవాడి చీకటి భయం కథ వినిపించాను. ఆవిడ చాలాసేపు నవ్వి, లేచాక మళ్లీ చేస్తానని పెట్టేశారు. మళ్లీ చేసినప్పుడు ఫోను నీ పక్కనే పెడతాను. నువ్వే మాట్లాడు.

ఇట్లు,
నీలో ఏ పుటలోనూ దారి దొరకని,
ఆవిడ కొడుకు